కొత్త ర్యాక్‌లో పాత మిషన్: 19 అంగుళాల లెక్క

హైదరాబాద్ నుంచి పాలమూరు పోయే 44వ నంబర్ హైవే మీద షాద్‌నగర్ వస్తుంది. బస్సులో ఫోన్ చూసుకుంటూ దాటేసే ఊరే. కానీ డేటా సంగతి తెలిసినవాళ్లకు ఆ ఊరి పేరు వింటే గౌరవం. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు పంపే బొమ్మలను 1979 నుంచే అందుకున్న గ్రౌండ్ స్టేషన్ అక్కడిది. తర్వాత 1988లో మన ఐఆర్ఎస్-1ఏ పైకి వెళ్లాక దాని డేటా కూడా అక్కడికే దిగింది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారేదాకా షాద్‌నగర్ మన మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఇప్పుడు రంగారెడ్డి.

అదే పాత పాలమూరు నేల మీద మేకగూడ అని ఇంకో ఊరుంది. 2022లో హైదరాబాద్ డేటా సెంటర్లు ప్రకటించిన మైక్రోసాఫ్ట్ భూములు తీసుకున్న ఊళ్లలో అదొకటి. ఒకచోట రీల్ టేపుల కాలం, ఇంకోచోట క్లౌడ్ కాలం. మధ్యలో నలభై ఏళ్లకు పైగా దూరం. అయినా ఆనాటి గ్రౌండ్ స్టేషన్ రిసీవర్‌ను, ఈనాటి సర్వర్‌ను పక్కపక్కన పెడితే ఒక్క కొలత మాత్రం మారలేదు. ముందు పలక వెడల్పు 19 అంగుళాలు.

ఈ వారం ముచ్చట ఆ 19 అంగుళాల గురించే. నల్గొండలో మా ఇంటి కింది గదిలో పాత కంప్యూటర్ సామాను కొత్త ర్యాక్‌లో బిగించే పని రెండు నెలలు నడిచింది. పగలు ఆఫీసు పని, పొద్దున, రాత్రి ఈ పని. అందులో నేర్చుకున్నది మీకు పనికొస్తుందని రాస్తున్నా. ర్యాక్ లేనివాళ్లు కూడా చదవండి. చివర్లో మీ ఇంటి అటక మీది సామాను గురించి ఒక మాట ఉంది.

అసలు ఎందుకు బిగించాలి?

మహబూబ్‌నగర్‌లో ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ ఉన్నారు. మా నాన్నకు దోస్తు. 1980ల చివర్లో ఆయన పరిశోధన మొత్తం పాలమూరు చెరువుల మీద. ఉపగ్రహ చిత్రంలో నల్లగా కనిపించే నీటి మచ్చ నిజంగా చెరువేనా, అందులో ఏ నెల దాకా నీళ్లున్నాయి అని ఊరూరా తిరిగి రాసుకున్నారు. ఆ లెక్కలన్నీ హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అర అంగుళం టేపు రీల్ మీద కాపీ తెచ్చుకున్నారు. ప్రింటవుట్లను చెదలు తిన్నాయి. కంప్యూటర్ ఎప్పుడో పోయింది. మిగిలింది ఆ ఒక్క రీల్.

ఉపగ్రహ చిత్రాల సంగతి వేరు. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. కానీ సార్ సైకిల్ మీద తిరిగి రాసుకున్న లెక్క ఏ ఆర్కైవ్‌లోనూ లేదు.

ఆ రీల్ 2,400 అడుగుల టేపు. అంగుళానికి 1,600 అక్షరాల చొప్పున రాస్తే మొత్తం కలిపి 40 ఎంబీ చుట్టూ పడుతుంది. మీరు పొద్దున వాట్సాప్‌లో పంపిన పెళ్లి వీడియో అంతకంటే పెద్దది కావచ్చు. కానీ ఈ 40 ఎంబీని చదవాలంటే పెన్‌డ్రైవ్ పోర్టు సరిపోదు. ఫ్రిజ్‌లో సగం ఉండే టేపు డ్రైవ్ కావాలి. హైదరాబాద్‌లో పాత సామాను కొనే ఒకాయన దగ్గర అది దొరికింది. కిలోల లెక్కన బేరం. తూకం వేస్తే దాదాపు 36 కిలోలు.

దాన్ని టేబుల్ మీద పెట్టి నడపొచ్చు కదా అంటారా? కొద్దిసేపైతే నడపొచ్చు. కానీ ఆ మిషన్‌ను తయారుచేసిందే ర్యాక్‌లో కూర్చోడానికి. పక్కల నుంచి పట్టాలు మోయాలి, ముందు పలక నిటారుగా ఉండాలి, వెనక గాలి ఆడాలి. రీల్ నిమిషానికి వందల చుట్లు తిరిగేటప్పుడు టేబుల్ ఊగితే టేపు సాగుతుంది. ఉన్నది ఒక్కటే రీల్.

19 అంగుళాలంటే ఎక్కడి నుంచి ఎక్కడికి?

ఈ కొలత కంప్యూటర్ల కంటే పాతది. 1920లలో అమెరికాలో బెల్ టెలిఫోన్ వాళ్లు ఎక్స్‌ఛేంజీల్లో రిలేలు బిగించడానికి ఈ వెడల్పు పెట్టుకున్నారు. రేడియోవాళ్లు, ల్యాబులవాళ్లు, మిలిటరీవాళ్లు, చివరికి కంప్యూటర్లవాళ్లు అదే పట్టుకున్నారు. తర్వాత ఈఐఏ-310 పేరుతో ప్రమాణంగా రాసుకున్నారు.

కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు. 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు, ముందు పలక వెడల్పు. డబ్బా వెడల్పు అంతకంటే తక్కువ. రెండు నిలువు పోస్టుల మధ్య ఖాళీ దాదాపు 450 మిల్లీమీటర్లే. మిషన్ ఆ సందులో దూరాలి, పట్టాలకు కూడా చోటు మిగలాలి. పాత డ్రైవ్‌ల డబ్బా 17 అంగుళాలు ఉండేది అందుకే.

ఎత్తు లెక్క ఇంకా బాగుంటుంది. ఒక యూనిట్ 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. దీన్నే అందరూ ‘యూ’ అంటారు. పాత మాన్యువళ్లలో 5.25 అంగుళాలు, 8.75 అంగుళాలు, 10.5 అంగుళాలు అని వింత నంబర్లు కనిపిస్తాయి. 1.75తో భాగించి చూడండి. 3, 5, 6 వస్తాయి. డిజిటల్ కంపెనీ 1970లో తెచ్చిన పీడీపీ-11 మిషన్ల పెట్టెల్లో 10.5 అంగుళాలవి చాలా ఉండేవి. అంటే కచ్చితంగా 6 యూ. ఆ పెట్టెను ఈ రోజు కొన్న ర్యాక్‌లో పెట్టినా రంధ్రాలు కలుస్తాయి. మీ ఫోన్ ఛార్జర్ పిన్ను ఎన్నిసార్లు మారిందో గుర్తు తెచ్చుకోండి, ఇది ఎంత గొప్ప ఒప్పందమో తెలుస్తుంది.

రంధ్రాలు మాత్రం సమాన దూరంలో ఉండవు. 15.9, 15.9, 12.7 మిల్లీమీటర్లు, మళ్లీ 15.9, 15.9, 12.7. దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల మధ్య సగంలో ఒక యూ అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. ఆ గీతను మార్కర్‌తో పోస్టుల మీద ముందే గీసుకోవాలి. ముందు రెండు పోస్టుల మీద ఒక నంబరు, వెనక రెండింటి మీద ఇంకో నంబరు పడితే మిషన్ వంకరగా కూర్చుంటుంది. మేము కింద నుంచి పైకి 1 నుంచి 42 దాకా నాలుగు పోస్టుల మీద రాసుకున్నాం. పని సగం తేలికైంది.

తలుపు, లోతు, బరువు

మా ర్యాక్ 42 యూ. ఒక ఆఫీసు ఖాళీ చేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. లోపలి కొలతే 1.87 మీటర్లు, బయటికి 2 మీటర్లు. నిటారుగా ఏడడుగుల దర్వాజలో దూరుతుంది గానీ మెట్ల మలుపులో తిరగదు. పై గదిలో పెట్టాలన్న ఆశ అక్కడే వదిలేయాలి. పైగా ఖాళీ ర్యాకే వంద కిలోల దగ్గర ఉంటుంది. అంత బరువు నాలుగు చిన్న చక్రాల మీద పడితే షాబాద్ బండలు పగుల్తాయి. చక్రాల కింద మందపాటి ఇనుప పలకలు వేసి, జాగా ఖాయం అయ్యాక లెవలింగ్ కాళ్లు దించాం.

రెండోది లోతు. ఇప్పటి సర్వర్ ర్యాకులు 1,000 మిల్లీమీటర్లు, 1,200 మిల్లీమీటర్లు. మా టేపు డ్రైవ్ లోతు 22 అంగుళాలు, అంటే 559 మిల్లీమీటర్లు. ముందు పోస్టుకు బిగిస్తే వెనక పోస్టు దాకా అందదు. అలాగని గోడకు తగిలించే 600 మిల్లీమీటర్ల నెట్‌వర్క్ ర్యాక్ కొంటే, వెనక కేబుల్ వంగడానికి చోటుండదు. మా ర్యాక్‌లో వెనక పోస్టులు ముందుకు జరుగుతాయి కాబట్టి సరిపోయింది. ర్యాక్ కొనేటప్పుడు ‘వెనక పోస్టులు జరుగుతాయా?’ అని తప్పకుండా అడగండి.

మూడోది పట్టాలు. ఒరిజినల్ పట్టాలు ఎక్కడో స్క్రాప్‌లో పోయాయి. పాత సామానులో ముందుగా మాయమయ్యేవి అవే. మొదట యాంగ్లర్‌తో కదలని పట్టాలు చేయిద్దామనుకున్నాం. కానీ ఈ డ్రైవ్ పై మూత తెరవాలంటే మిషన్ మొత్తం ముందుకు లాగాలి. హెడ్ శుభ్రం చేయాలన్నా, ఇరుక్కున్న టేపు తీయాలన్నా పైనుంచే. అంటే జారే పట్టాలే కావాలి.

కిచెన్ డ్రాయర్లకు వేసే టెలిస్కోపిక్ ఛానెళ్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. మామూలు వాటి మీద 45 కిలోలని రాసి ఉంటుంది. మనది 36 కిలోలే కదా అనిపిస్తుంది. కానీ బయటికి లాగాక బరువంతా కొనమీద వేలాడుతుంది, పైగా మన చేతులు ఆనిస్తాం. అందుకే హెవీ డ్యూటీవి తెప్పించి, వాటికి సరిపడా బ్రాకెట్లు వెల్డింగ్ షాపులో చేయించాం. ఆ వెల్డింగ్ అన్న మిషన్‌ను చుట్టూ తిరిగి చూసి, “గిదేంది తమ్మీ, ఫ్రిజ్జా? డోర్ యాడుంది?” అన్నాడు. టేపు రికార్డర్ అని చెప్తే, “పాటలొస్తయా మరి?” అని ఇంకో ప్రశ్న. కానీ కొలత మాత్రం మిల్లీమీటరు తేడా రానీయలేదు. నాలుగు బ్రాకెట్లు, ఒక్కసారికే కూర్చున్నాయి.

ఇక పేర్చే వరుస. బరువైనవి కిందికి. మాకు అన్నిటికంటే కింద యూపీఎస్, దాని బ్యాటరీలు. ఏడు నుంచి పది దాకా 4 యూ పాత ఇండస్ట్రియల్ పీసీ. పదమూడు నుంచి పదిహేడు దాకా 5 యూ టేపు డ్రైవ్. మధ్యలో రెండు యూ ఖాళీ, గాలి కోసం, చేయి పట్టడం కోసం. అలా పెడితే డ్రైవ్ మూత నడుము ఎత్తులో తెరుచుకుంటుంది. ఒకేసారి రెండు మిషన్లు బయటికి లాగకూడదు. లాగితే ర్యాక్ ముందుకు తూలుతుంది. పాతకాలం ర్యాకుల కింద ముందుకు లాగే కాళ్లు ఉండేవి అందుకే. మేము ర్యాక్ పైభాగాన్ని గోడకు యాంకర్ బోల్టులతో పట్టించాం.

దూరినట్టే ఉండి ఇరుక్కునే స్క్రూ

స్క్రూలో ఏముంది అనుకోవద్దు. ఇప్పటి ర్యాకుల్లో చతురస్రపు రంధ్రాలు, వాటిలో కేజ్ నట్, దానికి ఎం6 స్క్రూ. పాత అమెరికా సామాను మీద 10-32 అనే సైజు. దాని వ్యాసం 4.83 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 చుట్లు. మన బజార్లో దొరికే ఎం5 వ్యాసం 5 మిల్లీమీటర్లు, చుట్ల దూరం దాదాపు అంతే. అసలు ప్రమాదం ఇక్కడుంది. ఎం5 స్క్రూ పాత రంధ్రంలో రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత పట్టేస్తుంది. బలంగా తిప్పితే పాత మరలు చెడిపోతాయి. కొత్త ఎం5 నట్‌లో పాత స్క్రూ పెడితే వదులుగా ఆడుతుంది. ఒక వేలెడు బరువుకు పర్వాలేదు, 36 కిలోలకు కాదు.

కాబట్టి రెండు డబ్బాలు వేరుగా పెట్టుకోండి. ఒకదాని మీద ‘పాతవి’, ఒకదాని మీద ‘కొత్తవి’. కలిసిపోయాయా, ఆదివారం మొత్తం ఏరుకోవడంతోనే సరి.

గాలి, దుమ్ము, ఎర్త్

ఇప్పటి సర్వర్ ముందు నుంచి గాలి పీల్చి వెనక్కి వదులుతుంది. పాత మిషన్లకు అలాంటి క్రమశిక్షణ లేదు. కొన్ని పక్కల నుంచి, కొన్ని కింది నుంచి పీలుస్తాయి. ర్యాక్ పక్క తలుపులు మూసేస్తే వాటికి ఊపిరాడదు. మిషన్ ఆన్ చేసి అగరుబత్తి పొగ దగ్గర పెట్టి చూడండి, గాలి ఎటు పోతుందో తెలిసిపోతుంది. టేపు బయట ఉన్నప్పుడు మాత్రం ఆ పని వద్దు, పొగ కూడా దుమ్మే. మేము పక్క తలుపులు తీసేసి, సన్నని జాలీ, దాని మీద ఫిల్టర్ బట్ట పెట్టాం.

ఎండాకాలం మనకు తెలిసిందే. నల్గొండలో మేలో గది గోడ రాత్రి పదింటికి కూడా పొయ్యిలా ఉంటుంది. ఆ వేడిలో పాత టేపు నడపొద్దు. మా రీల్ పని మొత్తం తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు మధ్యే.

ఎర్త్ గురించి ఒక మాట. మన దగ్గర రాతి నేల. గట్టు పక్కన ఇల్లైతే నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఎర్త్ గుంత ఎండిపోతే కరెంటు భూమిలోకి సరిగ్గా పోదు. గుంతలో ఉప్పు, బొగ్గు ఉండాలి, ఎండాకాలం బకెట్ నీళ్లు పోస్తుండాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించాకే మిషన్‌కు కరెంటు ఇవ్వండి. ఇంకోటి, ర్యాక్‌కు పెయింట్ ఉంటుంది. పెయింట్ మీద స్క్రూ బిగిస్తే మిషన్ డబ్బాకు, ర్యాక్‌కు విద్యుత్ సంబంధం ఉండకపోవచ్చు. ఒకచోట పెయింట్ గీకి, పళ్లున్న వాషర్ వేసి, వేరుగా ఎర్త్ వైరు లాగాలి.

కరెంటు ఇచ్చే రోజు

ముందు వెనక ఉన్న వోల్టేజ్ సెలెక్టర్ చూడాలి. అమెరికా మిషన్ 115 మీద ఉంటే, మన 230 ఇవ్వగానే పొగ. తర్వాత లోపలి కెపాసిటర్లు. ఏళ్ల తరబడి కరెంటు చూడనివి ఒక్కసారిగా పూర్తి వోల్టేజ్ తట్టుకోవు. మన ఎలక్ట్రీషియన్ల పాత ఆయుధమే దీనికి పనికొస్తుంది, సీరీస్ బల్బు. మిషన్‌తో వరుసలో బల్బు కలిపితే, లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, మిషన్ బతుకుతుంది. మాది మొదట కొంచెం వెలిగి మెల్లగా మసకబారింది. అంటే బాగున్నట్టే. మూత తీసిన మిషన్‌కు కరెంటు ఇచ్చే పని మాత్రం అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకుండా చేయకండి.

డ్రైవ్‌కు, పీసీకి మధ్య రెండు 50 పిన్నుల రిబ్బన్ కేబుళ్లు. పెర్టెక్ అనే పాత పద్ధతి. ఆ కార్డు ఇప్పటి మదర్‌బోర్డులో దూరదు. ఐఎస్ఏ స్లాటున్న పాత పీసీని ర్యాక్‌లో పెట్టింది అందుకే. ముందు పనికిరాని రీల్ ఒకటి పెట్టి పదిసార్లు తిప్పాం. చదవడం, చుట్టడం, ఆపడం, మళ్లీ చదవడం. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే సార్‌ను పిలిచాం.

సార్ రీల్ తిరిగింది. కొన్ని బ్లాకులు చదవలేదు. హెడ్ తుడిచి రెండోసారి పెడితే వాటిలో చాలా వరకు వచ్చాయి. కానీ స్క్రీన్ మీద అంతా పిచ్చి అక్షరాలు. డేటా పోయింది అనుకోవడానికి సరిపోయే దృశ్యం. నిజానికి అది ఎబ్సిడిక్, ఐబీఎం తరహా పెద్ద కంప్యూటర్ల అక్షర లిపి. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో మార్చేసరికి వరుసలు నిలబడ్డాయి. ఊరి పేరు, చెరువు పేరు, నెల, పక్కన నీళ్లు. చాలా వరుసల్లో నీళ్లు ఉండాల్సిన చోట పెద్దక్షరాల్లో ‘డ్రై’ అని ఉంది.

సార్ అద్దాలు సరిచేసుకుని ఒక వరుస దగ్గర ఆగారు. “గీ చెరువు ఆ ఏడు మార్చికే ఎండింది. మొన్న మిషన్ కాకతీయల పూడిక తీసిన్రు. ఇప్పుడు నీళ్లు ఏ నెల దాక ఉంటున్నయో ఎవలన్న రాస్తున్నరా బిడ్డా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఫైలు మూడు చోట్ల కాపీ చేసి, ఒకటి ఆయన ఫోన్‌లోకి పంపాను.

డేటా ఉన్నా మిషన్ లేకపోతే?

ఇది మా ఒక్క గది కథే కాదు. 1966, 67లలో నాసా లూనార్ ఆర్బిటర్లు చంద్రుడి ఫొటోలు తీశాయి. టేపులు భద్రంగా దాచారు. వాటిని చదివే యాంపెక్స్ ఎఫ్ఆర్-900 డ్రైవ్‌లు మాత్రం ప్రపంచంలో దాదాపు కనుమరుగయ్యాయి. నాన్సీ ఎవాన్స్ అనే నాసా ఆర్కైవిస్ట్ ఏళ్ల తరబడి కొన్ని డ్రైవ్‌లను తన గ్యారేజీలో దాచి ఉంచారు. వాటిని బాగుచేసి 2008లో చంద్రుడి మీద నుంచి కనిపించే భూమి ఫొటోను కొత్త స్పష్టతతో బయటికి తీశారు. ఫొటో తీసింది 1966 ఆగస్టు 23న. టేపు కంటే మిషన్ దాచడమే కష్టమైన పని అని ఆ కథ చెప్తుంది.

మన హైదరాబాద్‌కు కూడా ఈ చరిత్రలో పెద్ద పేజీ ఉంది. 1967లో మొదలైన ఈసీఐఎల్ 1969కల్లా టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ బయటికి తెచ్చింది. తర్వాత టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316. ఏఎస్ రావు నగర్ బస్టాప్‌లో నిలబడి రీల్స్ చూసే మనలో ఎంతమందికి ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారే ఆ ఏఎస్ రావు అని తెలుసు? 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక దాని కంప్యూటర్ల బాగోగులు చూసింది సీఎంసీ. ఆ తరం ఇంజినీర్లు మన చుట్టూనే ఉన్నారు. వాళ్ల అటకల మీద మాన్యువళ్లు, బోర్డులు, రీళ్లు ఉండొచ్చు.

మీ ఇంట్లో ఉంటే

ఇనుప సామాను బండి రాకముందు ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, మిషన్ కదిలించకముందే వెనక భాగం ఫొటో తీయండి. ఏ వైరు ఎక్కడ ఉందో ఆ ఒక్క ఫొటో చెప్తుంది.

రెండు, పట్టాలు, స్క్రూలు, కేబుళ్లు, మాన్యువల్ అన్నీ ఒకే సంచిలో కట్టి మిషన్‌కే వేలాడదీయండి. పట్టాలు లేని మిషన్ చక్రాలు లేని బండి లాంటిది.

మూడు, టేపులు, ఫ్లాపీలు ఉంటే నీడలో, పొడిగా, నిలువుగా పెట్టండి. స్పీకర్ల పక్కన వద్దు. వాటి మీద ఏముందో, ఎవరు రాశారో కాగితం మీద రాసి పెట్టండి. రాసినవాళ్లు బతికుండగానే అడగండి.

నాలుగు, ఎవరికీ పనికిరాదని తేలితే దాన్ని రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే. పెరట్లో వైర్లు కాల్చి రాగి తీసే పని మాత్రం వద్దు. ఆ పొగ ముందు మన ఇంట్లోకే వస్తుంది.

సార్ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మీ ఊరి చెరువులో నీళ్లు ఏ నెల దాకా ఉంటున్నాయో ఈ ఏడాది నుంచి ఎవరైనా రాసి పెడతారా? ఫోన్‌లో నోట్ చాలు. కాకపోతే ముప్పై ఐదేళ్ల తర్వాత కూడా దాన్ని చదవగలిగేలా ఒక కాపీ కాగితం మీద కూడా తీసి పెట్టండి. చెదలు పట్టకుండా చూసుకునే బాధ్యత మీది.